ఫ్రోజెన్ లాబ్‌స్టర్ టెయిల్స్ ఇంట్లో వండటం: రబ్బరులా సాగకుండా ఉండాలంటే

డాలస్ నుంచి ఒకావిడ అడిగారు: "పెళ్లిరోజుకని నాలుగు ఫ్రోజెన్ లాబ్‌స్టర్ టెయిల్స్ తెచ్చుకున్నాం. ఒక్కొక్కటి ఐదారు ఔన్సులు ఉంటుంది. పోయినసారి రొయ్యల కూరలాగే ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, టమాటాతో ఇరవై నిమిషాలు మగ్గబెడితే నమల్లేకపోయాం. గ్రిల్ లేదు, ఓవెన్‌లో బ్రాయిల్ చేయాలంటే, అంటే పైనున్న కడ్డీ వేడితో కాల్చాలంటే భయం. సులువైన పద్ధతి చెప్పండి. మన మసాలాలు వేయొచ్చా, వేస్తే రుచి పోతుందా?"

బోస్టన్ దగ్గర సీఫుడ్ రెస్టారెంట్ వంటింట్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, పుట్టి పెరిగింది కాకినాడ. కాబట్టి ఆ రెండు వైపుల నుంచీ చెబుతాను.

ముందుగా ఒక మాట. మీ మసాలా తప్పేమీ లేదండీ, ఆ ఇరవై నిమిషాలే తప్పు. మేకమాంసం ఉడికేకొద్దీ మెత్తబడుతుంది, ఎందుకంటే అందులోని కొలాజెన్ నెమ్మదిగా కరుగుతుంది. లాబ్‌స్టర్ తోకలో అలా కరిగే పదార్థం చాలా తక్కువ, కొవ్వూ దాదాపు ఉండదు. వేడి పెరిగేకొద్దీ ఆ కండ బిగుసుకుని, తనలో ఉన్న నీటిని బయటికి పిండేస్తుంది. ఒకసారి ఆ నీరు పోయాక ఇంకో గంట ఉడికించినా మెత్తబడదు. అందుకే లాబ్‌స్టర్ వంటలో చూసుకోవాల్సినవి రెండే: మంచు ఎలా వదిలిస్తున్నాం, పొయ్యి మీద నుంచి ఎప్పుడు దించుతున్నాం. ఈ రెండూ సరిగ్గా ఉంటే ఏ పద్ధతిలో వండినా బాగుంటుంది.

ఇప్పుడు ఫ్రీజర్‌లోంచి ఆ ప్యాకెట్ తీసి ఒకసారి చదవండి. కోల్డ్ వాటర్ అని ఉందా, వార్మ్ వాటర్ అని ఉందా? అమెరికాలోని మెయిన్ (Maine) రాష్ట్రంలోనూ కెనడాలోనూ దొరికే, ముందు పెద్ద డెక్కలుండే లాబ్‌స్టర్‌ది కోల్డ్ వాటర్ తోక. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల రాక్ లాబ్‌స్టర్‌నీ ఈ పేరుతోనే అమ్ముతారు. ఫ్లోరిడా, కరీబియన్, బ్రెజిల్ నుంచి వచ్చేవి వార్మ్ వాటర్ రకం. వీటికి డెక్కలుండవు, పొడుగాటి మీసాలుంటాయి, పెంకు మీద పసుప్పచ్చటి మచ్చలో చారలో కనిపిస్తాయి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చూసే లాబ్‌స్టర్లూ డెక్కల్లేని ఈ జాతులకు చుట్టాలే, వాటిలో మంచివి చాలావరకు ఎగుమతికే పోతాయి. వార్మ్ వాటర్ రకం తక్కువదని కాదు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. కాకపోతే ఒక్కోసారి లోపల కండ పిండిపిండిగా వచ్చే ప్రమాదం అందులో కాస్త ఎక్కువ. పెళ్లిరోజు లాంటి సందర్భానికైతే నేను కోల్డ్ వాటర్ రకమే కొంటాను.

అలా పిండిపిండిగా అవడానికి కారణం వండేవాళ్లు కాదు. లాబ్‌స్టర్ తలభాగంలో జీర్ణానికి పనికొచ్చే గ్రంథి ఒకటి ఉంటుంది. ప్రాణం పోయాక తోకను వెంటనే వేరు చేయకపోతే, ఆ గ్రంథిలోని ఎంజైములు తోకలోకి పాకి కండను లోపల్నుంచి మెత్తగా చేసేస్తాయి. అది ఫ్రీజ్ చేయకముందే జరిగిపోయిన నష్టం. అలాంటి తోకను ఎంత బాగా వండినా గట్టిపడదు. మంచు వదిలాక కండను వేలితో నొక్కి చూడండి. మళ్లీ పైకి లేవకుండా ముద్దగా ఉన్నా, ముక్కు దగ్గర పెడితే అమోనియా ఘాటు కొట్టినా, కొన్న షాపుకే తిరిగి ఇచ్చేయండి. ఆ ఘాటు వండితే పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ప్యాకెట్ మీద ఇంకో రెండు సంగతులు కూడా చూడండి. పదార్థాల జాబితాలో సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే, కండ నీళ్లు పట్టి ఉంచడానికి అది కలిపారని అర్థం. తూకం పెరుగుతుంది, వండేటప్పుడు నీరు కారుతుంది, రుచి కాస్త చప్పబడుతుంది. జాబితాలో లాబ్‌స్టర్ ఒక్కటే ఉన్న ప్యాకెట్ దొరికితే అదే తీసుకోండి. రెండోది, కండ చివర తెల్లగా, పొడిగా, దూదిలాంటి మచ్చలుంటే ఫ్రీజర్‌లో ఎండిపోయిందన్నమాట. తింటే హాని ఏమీ లేదు కానీ అంతమేర పీచులా ఉంటుంది, కోసి తీసేయొచ్చు.

ఇక మంచు వదిలించడం. ఇక్కడ మాత్రం నేను పట్టు పడతాను. రేపు రాత్రి భోజనానికైతే ఈ రోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. అడుగున ఒక పళ్ళెం పెట్టండి, నీరు కారుతుంది. ఐదారు ఔన్సుల తోకకు ఒక రాత్రి సరిపోతుంది. గాలి తీసి బిగించిన ప్యాకెట్ అయితే ఫ్రిజ్‌లో పెట్టేముందు దాన్ని కత్తిరించి తెరవండి. ఇది చాలామందికి తెలియదు. గాలి లేనిచోట పెరిగే బొటులినమ్ బ్యాక్టీరియాలో కొన్ని రకాలు ఫ్రిజ్ చల్లదనంలో కూడా విషం తయారు చేయగలవు. ప్యాకెట్ తెరిస్తే గాలి తగిలి ఆ ప్రమాదం తప్పుతుంది. అమెరికాలో చాలా ఫ్రోజెన్ చేపల ప్యాకెట్ల మీద ఈ హెచ్చరిక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది.

అనుకోకుండా చుట్టాలొచ్చి, అంత టైం లేకపోతే చన్నీళ్ల పద్ధతి ఉంది. తోకల్ని వేరే జిప్ కవర్లో వేసి, నీరు లోపలికి పోకుండా మూసి, గిన్నెడు చన్నీళ్లలో ముంచండి. అరగంటకోసారి నీళ్లు మార్చండి. అరగంట నుంచి గంటలో వదులుతుంది, వెంటనే వండేయాలి. వేడినీళ్లలో వేయొద్దు, మైక్రోవేవ్‌లో డీఫ్రాస్ట్ నొక్కొద్దు. పైన ఒక పొర ఉడికిపోతుంది, నడిమధ్య మంచుగడ్డ అలాగే ఉంటుంది. రాత్రంతా కౌంటర్ మీద వదిలేయడం కూడా తప్పే. గడ్డకట్టినదాన్ని అలాగే ఆవిరి మీద పెట్టి వండొచ్చు, ప్రమాదమేమీ లేదు, టైం ఒకటిన్నర రెట్లు పడుతుంది. అయితే మధ్యభాగం ఉడికేసరికి అంచులు గట్టిపడిపోతాయి. కూరలోకి ముక్కలు చేసుకునేటట్టయితే అది సర్దుకుంటుంది, నెయ్యిలో ముంచుకు తినేదానికి మాత్రం సర్దుకోదు.

మంచు వదిలాక పైపైన చన్నీళ్లతో కడిగి, బట్టతోనో పేపర్ టవల్‌తోనో బాగా తడి తుడవండి. రొయ్యలకు చేసినట్టు ఉప్పూ పసుపూ పట్టించి చాలాసేపు నానబెట్టాల్సిన పని లేదు. నిమ్మరసం, పెరుగు పట్టించి గంటలసేపు ఉంచొద్దు, ఆ పులుపుకు కండ పైపొర ఉడికినట్టు తెల్లబడి, తర్వాత పొడిపొడిగా విడిపోతుంది.

ఇప్పుడు కోయడం. వంటింటి కత్తెర ఉంటే చాలు, మంచి పదునుండాలి. తోకను పెంకు పైకి వచ్చేలా ఎడమచేతిలో పట్టుకోండి. చెయ్యి గీసుకోకుండా కింద మడత పెట్టిన బట్ట ఉంచుకోండి, ఆ అంచుల ముళ్లు గట్టిగానే గుచ్చుకుంటాయి. తల తీసేసిన వెడల్పాటి వైపు నుంచి కత్తెర కింది మొనను పెంకుకూ కండకూ మధ్య దూర్చి, నడివీపు మీదుగా విసనకర్రలా ఉన్న చివరి రెక్కల దాకా కత్తిరించండి. రెక్కల్ని తెగనివ్వొద్దు. కత్తెర మొనను కాస్త పైకి ఎత్తి పట్టుకుంటే కండ చీలదు. తర్వాత రెండు బొటనవేళ్లతో ఆ చీలికను రెండు పక్కలకీ విప్పండి. పక్కల పెంకు టప్‌మని విరిగిన శబ్దం వస్తుంది, అలా రావాలి. ఇప్పుడు వేలిని కండ కిందికి పోనిచ్చి, అడుగు పెంకు నుంచి మెల్లగా విడదీస్తూ రండి. రెక్కల దగ్గర మాత్రం అంటుకునే ఉండనివ్వండి. కండను పైకి ఎత్తి, పెంకు రెండు అంచుల్నీ దాని కిందికి దగ్గరగా నొక్కి, కండను ఆ పెంకు మీద పడుకోబెట్టండి. రెస్టారెంట్లో పళ్ళెంలో కనిపించే ఆకారం ఇదే. వీపున నల్ల నరం కనిపిస్తే రొయ్యకు తీసినట్టే లాగేయండి, ఒక్కోసారి ముందే తీసేసి ఉంటుంది.

ఇదంతా శ్రమ అనిపిస్తే తోకను పొడుగునా రెండు చెక్కలుగా నరికేయండి. బరువైన కత్తి కావాలి, అంతే. పెనం మీద వేయించడానికి నిజానికి అదే మేలు.

వండే పద్ధతుల్లో మొదటిసారి వండేవాళ్లకు నేను చెప్పేది ఆవిరే. మన ఇళ్లలో ఇడ్లీ పాత్ర ఉండనే ఉంటుంది. ఇడ్లీ ప్లేట్లు తీసేసి, చిల్లుల పళ్ళెం పెట్టండి. అడుగున అంగుళం నీళ్లు పోసి, రెండు కరివేపాకు రెబ్బలు, నాలుగు మిరియాలు, ఒక అల్లం ముక్క వేయండి. నీళ్లు బాగా మరిగి ఆవిరి వచ్చాకే తోకలు లోపల పెట్టి మూత వేయండి, ముందే పెడితే టైం లెక్క తప్పుతుంది. ఐదారు ఔన్సుల తోకను ఆరో నిమిషంలో మూత తీసి చూడండి, అవసరమైతే ఇంకో నిమిషం, రెండు నిమిషాలు. ఆవిరిలో మాడిపోయే భయం లేదు, కండ ఎండిపోదు. పెంకు కోయకుండా పెడితే తోక ముడుచుకుంటుంది, నిటారుగా రావాలంటే పొడుగునా ఒక వెదురు పుల్ల గుచ్చండి.

మీకు బ్రాయిల్ అంటే భయమన్నారు కాబట్టి ఓవెన్‌లో బేక్ చేయండి. 425 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 220 సెల్సియస్‌కి ముందుగా వేడి చేసుకోండి. పైన చెప్పినట్టు విప్పిన తోకల మీద కరిగిన నెయ్యి పూసి, నడి అరలో పెడితే పది నుంచి పన్నెండు నిమిషాలు పడుతుంది. నేనైతే ఎనిమిదో నిమిషం నుంచే చూడటం మొదలుపెడతాను, ఒక్కో ఓవెన్ ఒక్కోలా ఉంటుంది. బ్రాయిల్ కూడా అంత భయపడాల్సింది కాదు. వేడి కడ్డీకి ఆరు అంగుళాలు కింద ట్రే పెట్టి, తలుపు దగ్గరే నిలబడి, ఔన్సుకు ఒక నిమిషం చొప్పున లెక్కేసుకుంటే సరిపోతుంది. మధ్యలో ఫోన్ ఎత్తారో మాడుతుంది. ఎయిర్ ఫ్రయ్యర్ ఉంటే 380 ఫారెన్‌హీట్‌లో ఆరేడు నిమిషాలు. ఉప్పునీళ్లలో ఉడికించడం అన్నిటికన్నా సులువే, అయితే రుచి కొంత నీళ్లలోకి దిగిపోతుంది. ఆ నీళ్లు పారబోయనంటేనే అలా చేయండి.

నాకు ఇష్టమైంది పెనం. రెండు చెక్కలు చేసిన తోక కండ మీద కొంచెం ఉప్పు, మిరియాల పొడి చల్లి, బరువైన ఇనుప పెనం మీద చెంచాడు నూనె వేడెక్కాక కండ వైపు కిందికి పెట్టి రెండు నిమిషాలు కదపకుండా ఉంచండి. తిరగేయండి, పెంకు కిందికి వస్తుంది. మంట తగ్గించి, రెండు చెంచాల నెయ్యి, చిదిమిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, కరివేపాకు వేసి, ఆ నెయ్యిని చెంచాతో ఎత్తి కండ మీద పోస్తూ ఉండండి. పెంకు వేడిని ఆపుతుంది కాబట్టి కింది భాగం మెల్లగా ఉడుకుతుంది. ఇంకో రెండు మూడు నిమిషాలు చాలు. ఇక్కడివాళ్లు వెన్న వాడి మాడ్చుకుంటూ ఉంటారు, ఎందుకంటే వెన్నలోని పాలపదార్థం తొందరగా నల్లబడుతుంది. మన నెయ్యికి ఆ బాధ లేదు. రెస్టారెంట్లలో లాబ్‌స్టర్ పక్కన చిన్న గిన్నెలో ఇచ్చే తేర్చిన వెన్న మన నెయ్యికి దగ్గరిదే. ఇంట్లో కాచిన నెయ్యికి ఉండే ఆ కమ్మటి వాసన దానికి లేదు.

ఉడికిందో లేదో పెంకు రంగు చూసి తేల్చుకోవద్దు. పెంకులో అస్టాజాంథిన్ అనే ఎర్రటి రంగు ఒక ప్రొటీన్‌ను పట్టుకుని ఉంటుంది, అందుకే పచ్చి లాబ్‌స్టర్ నల్లగానో పచ్చగానో కనిపిస్తుంది. వేడికి ఆ ప్రొటీన్ వదిలేయగానే ఎరుపు బయటపడుతుంది. పెంకు పైనే ఉంది కాబట్టి అది ఎర్రబడే సమయానికి లోపల కండ ఇంకా పచ్చిగానే ఉండొచ్చు. కండనే చూడండి. పచ్చిగా ఉన్నప్పుడు గాజులా, బూడిదరంగు నీడతో ఉంటుంది. ఉడికాక ఉడికిన గుడ్డు తెల్లసొనలా అంతటా తెల్లగా అవుతుంది, పైన ఎర్రటి చారలు తేలతాయి. అన్నిటికన్నా మందంగా ఉన్నచోట కత్తిమొనతో కొంచెం విప్పి చూస్తే నిజం తెలుస్తుంది. కండ పక్కల నుంచి తెల్లటి విరుగుడు ముద్దలు ఎక్కువగా బయటికి వస్తున్నాయంటే వేడి మితిమీరుతోందని గుర్తు, వెంటనే దించండి.

వంటింటి థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, పదిహేను ఇరవై డాలర్లలో దొరుకుతుంది, ఇంత ఖరీదైన తోకలు కొనేవాళ్లకు అది వృథా ఖర్చు కాదు. వెడల్పాటి చివర నుంచి మధ్యలోకి, పెంకుకు తగలకుండా గుచ్చండి. అమెరికా ప్రభుత్వం సీఫుడ్‌కు చెప్పే లెక్క 145 ఫారెన్‌హీట్, అంటే 63 సెల్సియస్. ఓవెన్, పెనం పద్ధతుల్లో నేను 140 దగ్గర దించి రెండు నిమిషాలు అలా ఉంచుతాను, లోపలి వేడితోనే మిగతాది అందుకుంటుంది. తినేవాళ్లలో గర్భిణులో, పసిపిల్లలో, పెద్దవాళ్లో ఉంటే ఆ రెండు నిమిషాల తర్వాత మళ్లీ గుచ్చి 145 చూసుకున్నాకే వడ్డించండి.

మసాలాల సంగతి. వేయొచ్చండీ, తప్పకుండా వేయొచ్చు. లాబ్‌స్టర్ కండకు సన్నటి తియ్యదనం ఉంటుంది. అల్లంవెల్లుల్లి ముద్ద, గరం మసాలా, ధనియాల పొడి అన్నీ దట్టంగా పట్టిస్తే ఆ తియ్యదనం మునిగిపోతుంది, అప్పుడు అదే డబ్బుతో రెండు కిలోల మంచి రొయ్యలు తినొచ్చు కదా అనిపిస్తుంది. మసాలా నెయ్యికి పెట్టండి, కండకు కాదు. చిన్న గిన్నెలో పావు కప్పు నెయ్యి వేడిచేసి, సన్నగా తరిగిన వెల్లుల్లి దోరగా వేగాక మంట ఆపి, అర చెంచా కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, చిటికెడు కారం, కరివేపాకు వేయండి. వడ్డించేముందు నిమ్మరసం పిండండి. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి, సముద్రపు జీవి కాబట్టి దానిలో ఉప్పు ఉండనే ఉంటుంది, ఫాస్ఫేట్ కలిపినదైతే ఇంకా ఎక్కువ.

కూరే కావాలంటే కూర వేరు, లాబ్‌స్టర్ వేరు అనుకుని మొదలుపెట్టండి. ఉల్లిపాయ, టమాటా, చింతపండు రసం, కారం అన్నీ పూర్తిగా మగ్గి, నూనె తేలి, రుచి సరిపోయాక, వడ్డించడానికి ఐదు నిమిషాల ముందు మాత్రమే అంగుళం ముక్కలుగా కోసిన పచ్చి లాబ్‌స్టర్ వేయండి. సన్నమంట మీద మూత పెట్టి మూడు నాలుగు నిమిషాలు. పులుసు మళ్లీ తెర్లనివ్వొద్దు. పోయినసారి మీరు వండిన కూరే ఈ వరసలో వండితే మెత్తగా వస్తుంది.

మరి పులుసులోకి లాబ్‌స్టర్ రుచి ఎలా దిగుతుందంటారా? పెంకులు పారేయకండి, అసలు రుచి అక్కడే ఉంది. పెంకుల్ని చిదగ్గొట్టి, కొంచెం నూనెలో ఎర్రబడి మంచి వాసన వచ్చేదాకా వేయించి, మునిగేంత నీళ్లు పోసి ముప్పై నలభై నిమిషాలు సన్నగా కాగనివ్వండి. ఇంకా ఎక్కువసేపు కాస్తే చేదు వస్తుంది. వడకట్టిన ఆ నీళ్లతో చింతపండు పిసికి పులుసు పెట్టండి. వడకట్టేటప్పుడు సన్న జల్లెడ వాడండి, పెంకు ముక్క గొంతులో గుచ్చుకుంటుంది. ఆ రోజే వండలేకపోతే పెంకుల్ని ఫ్రీజర్‌లో దాచుకోండి.

ఇంట్లో ఎవరికైనా రొయ్యలు, పీతలు పడకపోతే లాబ్‌స్టర్ కూడా పెట్టొద్దు. వాటన్నిటిలోనూ ఎలర్జీ తెచ్చేది ముఖ్యంగా ట్రోపోమయోసిన్ అనే ఒకే రకం ప్రొటీన్, అది వండినా నశించదు. పులుసు నీళ్లలోకీ దిగుతుంది, కాబట్టి ముక్కలు తీసేసి పులుసు పోసినా సరిపోదు.

మీరిద్దరే అయితే ఒక పూటకు రెండు తోకలు చాలు, పక్కన అన్నం, పప్పు ఉంటాయి కదా. మిగతా రెండూ ఫ్రీజర్‌లోనే ఉంచి, రెండు మూడు నెలల్లోపు వాడేయండి. నాలుగూ ఫ్రిజ్‌లోకి మార్చేసి ఉంటే, ఒకటి రెండు రోజుల్లో వండేయడమే మంచిది. ఫ్రిజ్‌లోనే మంచు వదిలినవి తిరిగి ఫ్రీజ్ చేస్తే ప్రమాదం లేదు గానీ కండ నీరు కోల్పోయి పీచుపీచుగా అవుతుంది. వండి మిగిలింది మూడు రోజుల్లోపు తినండి. మళ్లీ వేడిచేసేటప్పుడు మైక్రోవేవ్‌లో పెట్టకుండా, ముక్కలు చేసి వేడి అన్నంలో ఆ వెల్లుల్లి నెయ్యితో కలిపేయండి.